ఎముకల్లో కొవ్వు

అక్క సిటీ బస్సు డ్రైవరు. ఆమె సెలవు పెట్టిందంటే బంధువుల్లో ఎవరిదో పెళ్ళి అయి ఉండాలి తప్ప ఒంట్లో బాగోలేక మాత్రం కాదని డిపోలో అందరికీ తెలుసు. పెద్ద పొడగరి కాకపోయినా పొడగరిలా నడిచేది. ఇరుకు వీధిలో ఎదురుగా లారీ వచ్చి మొండికేస్తే కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క మాట అనేది. ఏమనేదో గానీ లారీ వెనక్కి పోయేది. బస్సెక్కేవాళ్ళంతా ఆమెను డ్రైవరక్క అనేవాళ్ళు. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు.

అంతటి మనిషి ఒకరోజు మధ్యాహ్నం, ఇంజను ఆపేసి, ఆగి ఉన్న బస్సులోంచి దిగుతూ చివరి మెట్టు మీద జారింది. పెద్దగా పడిందేమీ లేదు. ముందుకు తూలి, అరచెయ్యి నేలకు ఆనించి, వెంటనే లేచి నిలబడి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకుంది. ఎవరూ చూడలేదని తృప్తిపడేలోపే తన మణికట్టు వంకర తిరిగి ఉండటం కనిపించింది.

ఆసుపత్రిలో కట్టు వేసిన ఎముకల డాక్టరుకు ఆ విరగడం నచ్చలేదు. ఆ మాత్రం తూలుకు ఇలా విరగకూడదన్నాడు. నడుముకూ తుంటికీ స్కాన్ తీయించాడు. ఎముకలు బాగా గుల్లబారాయనీ, దీన్ని ఆస్టియోపోరోసిస్ అంటారనీ, నెలసరి ఆగిపోయాక చాలామంది ఆడవాళ్ళకు చడీచప్పుడు లేకుండా వచ్చే జబ్బేననీ నెమ్మదిగా వివరించాడు. మాత్రలు రాశాడు. చెయ్యి పూర్తిగా అతికి, పట్టు తిరిగొచ్చేదాకా బస్సు నడపకూడదన్నాడు.

అక్క అంతా విని, "ముందు మీ మిషన్ని ఎవరికైనా చూపించండి డాక్టరుగారూ," అంది.

పక్కన కూర్చున్న చెల్లెలికి నవ్వు రాలేదు. స్కానులో అంకెలు ఆమెకూ కనిపిస్తున్నాయి, వాటి అర్థం ఆమెకు డాక్టరుతో సమానంగా తెలుసు. ఆ ఆసుపత్రి వెనకవైపు ఉన్న పరిశోధనాశాలలో ఆమె పని ఎముకల గురించే. ఎముక మూలుగలోని కణాలను గాజుపళ్ళేల్లో పెంచి, అవి పెరిగి ఏమవుతాయో చూడటం ఆమె ఉద్యోగం. "మా చిన్నది పళ్ళేల్లో ఏదో పెంచుతుంది, అది మొక్కా కాదు, పురుగూ కాదు," అని అక్క అందరికీ గొప్పగా చెప్పేది గానీ, అదేమిటో ఎన్నడూ అడగలేదు. చెల్లెలూ ఎన్నడూ చెప్పలేదు. చిన్నప్పటినుంచీ ఇద్దరూ అంతే. అక్క గోడలెక్కుతుంటే చెల్లెలు కింద నిలబడి, పడితే ఏ ఎముక విరుగుతుందో చెప్పేది. అప్పట్లో ఏదీ విరగలేదు.

చెల్లెలికి భయమేసినప్పుడు ఒక అలవాటుంది. తనకు తెలిసిందంతా చెప్పేస్తుంది. ఆరోజూ డాక్టరు గది బయట బల్లమీద కూర్చుని అదే పని చేసింది.

"ఎముకంటే ఎండుకర్ర కాదక్కా. రోజూ కొంత కరుగుతుంది, రోజూ కొంత కొత్తగా పడుతుంది. లోపల మూలుగలో మూలకణాలని ఉంటాయి. వాటిలో కొన్ని ఎముక కట్టే కణాలవుతాయి, కొన్ని కొవ్వు కణాలవుతాయి. వయసొచ్చేకొద్దీ కొవ్వువైపు పోయేవే ఎక్కువవుతాయి. కొవ్వును పట్టుకుని మోసే ప్రోటీను ఒకటుంది, మేమిప్పుడు దాని వెంటే పడ్డాం. అది ఎక్కువైతే..."

అక్క బాగున్న చెయ్యెత్తి ఆపింది. "అంటే నా ఎముకల్లో కొవ్వుందంటావు."

"ఒకరకంగా అంతే."

ఆ మాట అలా తెగ్గొట్టి చెప్పకుండా ఉండాల్సింది. చిన్నప్పుడు అక్క ఏం చేసినా వాళ్ళమ్మ తిట్టే తిట్టు ఒకటే: దీనికి ఒళ్ళంతా కొవ్వు. గోడ దూకినా కొవ్వే, ఎదురు చెప్పినా కొవ్వే. చివరికి బస్సు నడుపుతానని అన్నప్పుడు కూడా అమ్మ ఆ మాటే అంది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆమె తిట్టుకు ఆసుపత్రి ముద్ర కూడా పడ్డట్టయింది.

* * *

బావది బేకరీ. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో పొయ్యి, పైన కాపురం. తెల్లవారకముందే లేచి పిండి పిసికే మనిషి కావడంవల్ల ఆయన మాట కూడా పిండిలా మెత్తగా, సాగుతూ ఉంటుంది. పెళ్ళయిన నాటినుంచీ భార్యతో పోట్లాడి గెలవలేదు, గెలవాలనీ అనుకోలేదు.

ఆయన నెల తిరక్కుండా పరిశోధనాశాలకు ఫోను చేశాడు.

"అమ్మాయ్, మీ అక్క నన్ను వెన్న ముట్టుకోనివ్వడంలేదు," అన్నాడు. "దుకాణంలో అమ్ముకోవచ్చట, ఇంటి మెట్లెక్కి పైకి మాత్రం రాకూడదట. నూనె రాదు, పాలు రావు, గుడ్డు రాదు. బేకరీవాడి ఇంట్లో ఉడకబెట్టిన కూరగాయలు తిని బతుకుతున్నాం. నాకంటే ఫరవాలేదు, పొద్దున పొయ్యి దగ్గర నాలుగు కేకులు నోట్లో వేసుకుంటున్నా. మనిషి అటు చిక్కిపోతోంది."

ఆయన అసలు బాధ అది కాదని మరికొంచెం సాగాక తెలిసింది. అక్క కుర్చీలోంచి లేవడంలేదు. లేచినా గోడ పట్టుకునే నడుస్తోంది. మళ్ళీ ఎక్కడ పడతానో, ఈసారి ఏం విరుగుతుందోనని భయం. డిపోవాళ్ళు చూడటానికొస్తే నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంది. డాక్టరిచ్చిన మాత్రలు అలాగే ఉన్నాయి. ముందు కొవ్వు కరగాలి, మాత్రలు తర్వాత వేసుకుంటానంటోంది.

"ఎవరు చెప్పారు బావా, నూనె మానెయ్యమని?" అంది చెల్లెలు.

"నువ్వే చెప్పావంటోంది."

చెల్లెలికి అప్పటికే రోజులు బాగా లేవు. తను అక్కకు చెప్పబోయిన ఆ ప్రోటీనుతోనే తంటా. దాని అసలు పేరు అక్షరాలూ అంకెలూ కలిసి నోరు తిరగనట్టుంటుంది. అందుకని పరిశోధనాశాలలో అందరూ దాన్ని హమాలీ అనేవాళ్ళు. కణంలోకి వచ్చే కొవ్వు బస్తాలు ఎత్తి, లోపలికి మోసుకెళ్ళి దించడమే దాని పని. బస్తాలు అందుతున్నకొద్దీ మూలకణం మనసు కొవ్వువైపు మళ్ళుతుందనీ, హమాలీ చేతులు ఖాళీ లేకుండా చేసే మందు వేస్తే అదే కణం ఎముకవైపు తిరుగుతుందనీ చెల్లెలి ఆలోచన. ఎన్ని పళ్ళేల్లో వేసి చూసినా తేడా కనిపించడంలేదు.

ఎందుకు కనిపించడంలేదో ఆమెకు అనుమానముంది. ఆ కణాలన్నీ కుర్రవాళ్ళ మూలుగలోంచి తీసినవి. కుర్రవాళ్ళలో హమాలీలే తక్కువ. లేని కూలీల చేతులు కట్టేస్తే పని ఎక్కడ ఆగుతుంది? కావలసింది పెద్దవాళ్ళ ఎముక. తుంటి మార్పిడి ఆపరేషన్లలో తొడ ఎముక పైనుండే గుండ్రటి తలకాయను కోసి తీసేస్తారు, అది చెత్తలోకే పోతుంది. కానీ దాన్ని పరిశోధనకు తీసుకోవాలంటే రోగి సరేననాలి. అడగడానికి వెళ్ళిన నర్సుకు అందరూ ఒకటే జవాబు చెప్పి పంపించేవాళ్ళు: నా ఎముకతో మీకేం పనమ్మా?

ఆ సాయంత్రం చెల్లెలు అక్క ఇంటికి వెళ్ళింది. అక్క కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. చెంపలు లోపలికి పోయాయి. చెల్లెల్ని చూసి లేవబోయి, కుర్చీ చేతిమీద బరువు వేసి, రెండోసారికి గానీ లేవలేకపోయింది. దారిపొడుగునా కూడబెట్టుకొచ్చిన కోపం చెల్లెలికి ఆ క్షణంలో ఎటు పోయిందో తెలియలేదు. రేపు పొద్దున నాతో రా, ఒకటి చూపిస్తానంది. అక్క బయటికి రానంది. "నీ చెయ్యి నేను పట్టుకుంటాను," అంది చెల్లెలు. గాలొస్తే ఎగిరిపోయేలా ఉండే చెల్లెలు ఆ మాటనేసరికి అక్కకు చాలారోజుల తర్వాత నవ్వొచ్చింది.

* * *

పరిశోధనాశాలలో అక్కకు తెల్లకోటు తొడిగారు. అది ఆమె భుజాలకు సరిపోలేదు. గదంతా సన్నటి రొద, ఎక్కడో చల్లగాలి మిషన్లు. గాజు తలుపుల పెట్టెల్లో అరచేతిలో పట్టే చిన్నచిన్న పళ్ళేలు వరసలుగా ఉన్నాయి. ఒంటి వేడిమి ఎంతో ఆ పెట్టెల్లోనూ అంతేనని చెల్లెలు చెప్పింది. అక్కను ఎత్తు కుర్చీమీద కూర్చోబెట్టి, సూక్ష్మదర్శినిలో చూడమంది.

మొదట అక్కకు తన కనురెప్పలే కనిపించాయి. ఆ తర్వాత ఒక్కసారిగా అంతా తేటపడింది. గుండ్రటి కణాలు, ఒక్కొక్క కణం నిండా ఎర్రరంగు పట్టిన బొట్లు, ద్రాక్షగుత్తుల్లా ఒకదానిమీద ఒకటి. కొవ్వు కనపడటానికి ఎర్రరంగు వేశామని చెల్లెలు చెప్పింది.

"ఇదేనా?" అంది అక్క మెల్లగా.

"ఇదే. అయితే ఈ పళ్ళెంలోవాటికి నేను వెన్న పెట్టలేదు, నూనె పొయ్యలేదు. పైగా ఈ కణాలు ఇచ్చిన మనిషి నాకన్నా బక్క."

అక్క సూక్ష్మదర్శినిలోంచి తల తీసి చెల్లెలివైపు చూసింది.

"నువ్వు తినే కొవ్వు వేరు, ఇది వేరక్కా. ఇది లోపలే తయారవుతుంది. ఇంకో సంగతి చెప్పనా? తిండి మానేసి చిక్కిపోయినవాళ్ళ మూలుగలో ఈ కొవ్వు తగ్గదు, పెరుగుతుంది. ఎముకకు కావలసిన సరుకంతా నువ్వు మానేసిన పాలలోనూ గుడ్డులోనూ ఉంది. ఒంటి బరువు పడితేనే ఎముక గట్టిపడాలని దానికి తెలుస్తుంది. కుర్చీలో కూర్చుంటే ఎలా తెలుస్తుంది?"

అక్క కాసేపు లెక్క చూసుకుంది. "అంటే నేను అన్నీ తిరగేసి చేశానన్నమాట."

"తప్పు నాది కూడా. సగం చెప్పి వదిలేశాను."

చెల్లెలు రెండో పళ్ళెం పెట్టింది. అందులో బొట్లు లేవు. కణాల మధ్య తుప్పురంగు మచ్చలు పొరలుపొరలుగా పేరుకుని ఉన్నాయి. అవి ఎముకలో ఉండే ఖనిజం, ఈ పళ్ళెంలోవి ఎముక కట్టడం మొదలుపెట్టాయంది. రెండు పళ్ళేలలోనూ మొదట వేసినవి ఒకే మనిషి కణాలనీ, పోసిన రసాలే వేరనీ విని అక్క మళ్ళీ మొదటిది చూసింది, మళ్ళీ రెండోది చూసింది. ఒకే తల్లి కడుపున పుట్టి ఒకటి అలా పోయిందేమిటి, ఇంకొకటి ఇలా వచ్చిందేమిటంది. మనిద్దరం లేమా అంది చెల్లెలు.

తర్వాత అక్క కుర్చీలో చెల్లెలివైపు తిరిగింది. కట్టున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "చిన్నదానా, అమ్మ నడుము చివర్లో అలా వంగిపోయింది చూడు. అది వయసువల్లే కదూ?"

చెల్లెలికి ఆ ప్రశ్న ఏనాడో ఒకనాడు వస్తుందని తెలుసు. "అప్పట్లో ఎవరూ స్కాన్ తియ్యలేదు, ఖాయంగా చెప్పలేను," అంది. "కానీ ఇదేననుకుంటాను. వెన్నుపూసలు ఒక్కొక్కటే లోపలికి కుంగిపోతాయి. అమ్మకు నొప్పి ఉండే ఉంటుంది. మనకు చెప్పలేదు."

అక్క కళ్ళు తుడుచుకుంది. అంతలోనే ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమోనని చెల్లెలు దగ్గరికి జరిగింది. చూస్తే నవ్వు.

"జీవితాంతం నన్నంది," అంది అక్క. "తీరా చూస్తే ఆవిడ ఎముకల్లోనూ కొవ్వేనా."

ఇద్దరూ నవ్వీ నవ్వీ, పక్క గదిలోంచి పరిశోధనాశాల పెద్దాయన తలుపు తీసి చూసేదాకా ఆపలేకపోయారు. ఆయన ముభావి. ఏం జరిగిందో అడగకుండానే తలుపు వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం బావ తెచ్చిన రొట్టెకు అక్క వెన్న రాసుకుని తింది. రాత్రి మాత్ర వేసుకుంది. పళ్ళేలు చూస్తున్నప్పుడు చెల్లెలి ముఖం వాడి ఉండటం ఆమె గమనించకపోలేదు. కారణం రాబట్టేదాకా వదలలేదు. హమాలీ సంగతీ, కుర్రవాళ్ళ కణాల సంగతీ, పెద్దవాళ్ళ ఎముక దొరకని సంగతీ చెల్లెలు చెప్పింది. అక్క విని ఊరుకుంది. అక్క ఊరుకుందంటే ఏదో పని పెట్టుకుందని చెల్లెలు గ్రహించి ఉండవలసింది.

* * *

కట్టు విప్పాక అక్క రోజూ ఆసుపత్రిలో వ్యాయామశాలకు వెళ్ళాలి. మెత్తటి బంతి పిసకడం, చిన్న బరువులెత్తడం, మెట్టు అంచుమీద నిలబడి మడమలు పైకెత్తి దించడం. తుంటి ఆపరేషనుకు ఎదురుచూసేవాళ్ళూ అక్కడికే వచ్చేవాళ్ళు, ఆపరేషనుకు ముందు కాళ్ళకు బలం రావాలని. గోడవారగా కుర్చీలు, చేతికర్రలు, మూలుగులు. అందులో సగంమంది ఎప్పుడో ఒకప్పుడు డ్రైవరక్క బస్సెక్కినవాళ్ళే. పరిచయాలకు ఎంతోసేపు పట్టలేదు. వచ్చిన రెండోరోజుకే ఎవరి కోడలు ఎలాంటిదో అక్కకు తెలిసిపోయింది. మూడోరోజుకు హమాలీ కథ మొదలైంది.

కొద్దిరోజుల్లో చెల్లెలి దగ్గరికి నర్సు పరుగున వచ్చింది. నిన్నటిదాకా ముఖం తిప్పుకున్నవాళ్ళంతా ఈరోజు వాళ్ళంతట వాళ్ళే పిలిచి, మా ఎముక తీసుకోండమ్మా అంటున్నారంది. చెల్లెలికి సంతోషంతో కాలు నేలమీద నిలవలేదు. ఆ సంతోషం మధ్యాహ్నందాకా ఉంది.

మధ్యాహ్నం ఆసుపత్రిలో పరిశోధనల అనుమతులు చూసే అధికారిణి ఆమెను పిలిపించింది. ఎవరి సంతకమూ ఇంకా తీసుకోవద్దంది. ఎందుకంటే ఒక ముసలాయన డాక్టర్ని నిలదీశాడట, నేనిచ్చిన ఎముకకు బదులు కొత్త ఎముక ఎప్పుడు మొలిపిస్తారని. ఇంకొకావిడ, హమాలీ చేతులు కట్టే మందు నాకు ముందివ్వాలి, నేను వరసలో ముందున్నాను అందట. అబద్ధపు ఆశ చూపించి తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలే కాదని అధికారిణి గట్టిగా చెప్పింది. ఆవిడ మాటే సరైనది.

అక్కాచెల్లెళ్ళు పెద్దయ్యాక నిజంగా పోట్లాడుకున్నది ఆరోజే, అక్క ఇంట్లో.

"నీ బస్సులో సీటు ఇప్పించినట్టు ఎముకలు ఇప్పిస్తానంటే ఎలా అక్కా?" అంది చెల్లెలు. "ఆ మందు ఇంకా పళ్ళెం దాటి బయటికి రాలేదు. వస్తుందో రాదో నాకే తెలియదు."

"మరి ఏమని చెప్పను? మీకేమీ రాదు, ఊరికే ఇవ్వండి అంటే ఎవరిస్తారు?"

"ఇవ్వకపోతే ఇవ్వరు. అది వాళ్ళ ఇష్టం."

అక్కకు ఆ జవాబు మింగుడుపడలేదు. మూతి ముడుచుకుని కిందికి వెళ్ళి బావ పక్కన నిలబడి ఒంటి చేత్తో పిండి పిసికింది. చాలాసేపటికి, మెట్లెక్కి వచ్చి, "ఎవరితో ఏం చెప్పాలో నువ్వే వచ్చి చెప్పు, నేను నీ పక్కనుంటాను," అంది.

మర్నాడు వ్యాయామశాలలో అందరూ కూర్చున్నారు. అనుమతుల అధికారిణి తలుపు దగ్గర నిలబడింది. నలుగురి ముందు మాట్లాడాలంటే చెల్లెలికి గొంతు పెగలదు. అందుకే గాజుపళ్ళేలతో కాపురం చేస్తోంది. ఆమె నోరు తెరిచేలోపే అక్క లేచింది.

"నేను మీకు చెప్పిందాంట్లో సగం తప్పు," అంది. "కొత్త ఎముక రాదు. మందు లేదు. నాకు అర్థం కానిది కూడా అర్థమైనట్టు చెప్పాను. మిగతాది మా చెల్లెలు చెబుతుంది, దానికి అబద్ధం రాదు." అని కూర్చుంది.

ఆ తర్వాత చెల్లెలికి మాట రావడం తేలికైంది. ఏం చేయాలనుకుంటున్నదో చెప్పింది. తీసిన ఎముకలోంచి కణాలు తీసి పెంచుతాం, ఆ ప్రోటీనును ఆపి చూస్తాం, మీ పేర్లు మాకు తెలియవు, అంకెలే ఉంటాయి, మీకు దీనివల్ల ఒరిగేదేమీ లేదంది. అన్నీ కలిసొస్తే ఎన్నో ఏళ్ళకు ఇంకెవరికో ఉపయోగపడొచ్చు, కలిసిరాకపోతే అదీ లేదంది. ఎవరిదో చేతికర్ర జారి నేలమీద పడింది.

ముందు వరసలో ఒక లెక్కల టీచరు ఉండేది. రిటైరై చాలాకాలమైనా ఎదుటివాళ్ళ ముఖంలోకి చూస్తే ఎదుటివాళ్ళకు ఎక్కాలు గుర్తొచ్చే మనిషి.

"ఇవ్వకపోతే ఆ ముక్క ఎక్కడికి పోతుంది?" అని అడిగింది.

"చెత్తలోకండి."

"ఇస్తే నీ పళ్ళెంలోకి."

"అవునండి."

"ఇందులో ఇంతసేపు ఆలోచించాల్సిందేముంది?" అంది లెక్కల టీచరు వెనక్కి తిరిగి, తరగతినంతటినీ అడిగినట్టు.

ఆరోజు దాదాపు అందరూ సరేనన్నారు. ఒక్క ముసలాయన మాత్రం కుదరదన్నాడు. ఇన్నేళ్ళు తనను మోసిన ఎముకను సీసాలో వేసి ఇస్తే ఇంట్లో పెట్టుకుంటానన్నాడు. చెల్లెలు ఆయన కాదన్నందుకు కూడా మనస్ఫూర్తిగా దండం పెట్టింది. అనుమతుల అధికారిణి మొదటిసారి నవ్వింది.

* * *

ఆపరేషన్లు ఒక్కొక్కటే జరిగాయి, ఎముకలు ఒక్కొక్కటే వచ్చాయి. వాటిలోంచి కణాలు తీసి, శుభ్రం చేసి, పెంచి, సగం పళ్ళేలకు హమాలీ చేతులు కట్టే మందు వేసి, సగం మామూలుగా వదిలి చెల్లెలు ఎదురుచూసింది. కణాలను తొందరపెట్టడం కుదరదు. అక్క వ్యాయామం అయ్యాక రోజూ వచ్చి, పెరిగాయా అని అడిగేది. పెరుగుతున్నాయక్కా అని చెల్లెలు చెప్పేది. బావ పంపిన కేకు ఇచ్చి అక్క వెళ్ళేది. ఈమధ్య ఆమె గోడ పట్టుకోవడం మానేసింది.

రంగు వేసిన రోజున చెల్లెలు తన కళ్ళను నమ్మలేదు. తను చూసేది ఏ పళ్ళెమో తనకు తెలియకుండా దాచి, పరిశోధనాశాల పెద్దను కూడా లెక్కపెట్టమంది. ఇద్దరి లెక్కా ఒకటే చెప్పింది. మందు పడిన పళ్ళేల్లో ఎర్రబొట్లు పలచబడ్డాయి, తుప్పురంగు మచ్చలు విచ్చుకున్నాయి. అన్నింటిలో కాదు. ఒక మనిషి కణాలు మాత్రం ఏ మందుకూ లొంగకుండా, ఎన్నిసార్లు చేసినా కొవ్వువైపే పోయాయి. మిగతావన్నీ ఎంతో కొంత తిరిగాయి. ముభావి అయిన ఆ పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని, "బాగుంది," అన్నాడు. ఆయన నోట ఆ మాట విని ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు.

చెల్లెలు ఫోనులో ఈ సంగతి చెబితే అక్క ఆనందపడి, వెంటనే అనుమానపడింది. "ఇది నేను వ్యాయామశాలలో చెప్పొచ్చా?"

"చెప్పు. పళ్ళెంలో పనిచేసిందని చెప్పు. మనిషిలో చేస్తుందో లేదో తెలియాలంటే ఇంకా చాలా దారుందని చెప్పు."

"రెండూ కలిపే చెబుతాలే," అంది అక్క.

అదే నెలలో డాక్టరు అక్క చేతి పట్టు పరీక్షించాడు. ఒక పిడి ఇచ్చి నొక్కమన్నాడు. ఆమె నొక్కిన నొక్కుడుకు ముల్లు ఎక్కడిదాకా పోయిందో చూసి, ఇక చాలమ్మా, అది విరిగితే కొత్తది తెప్పించాలి అన్నాడు. ఎముకల సంగతి తేలడానికి ఏడాది పడుతుంది, మాత్రలు మానొద్దు, నడక మానొద్దు అన్నాడు. ఉద్యోగానికి వెళ్ళొచ్చని మాత్రం రాసిచ్చాడు. అక్క డిపోలో అడుగుపెట్టిన పొద్దున తోటి డ్రైవర్లు వరసగా నిలబడి హారన్లు మోగించారు. ఆమె వాళ్ళను కసురుతూనే లోపలికి పోయింది.

ఎముకలిచ్చినవాళ్ళకు తమ ఎముకలు ఏమయ్యాయో చూపించాలని చెల్లెలికి అనిపించింది. అధికారిణి అనుమతితో ఒక ఆదివారం వాళ్ళను పరిశోధనాశాలకు పిలిచింది. కొత్త తుంటి కీళ్ళతో, కొందరు కర్రలు లేకుండానే వచ్చారు. గోడమీద ఒక్కొక్కరి కణాల బొమ్మలు పెద్దవిగా చేసి అతికించారు. కింద అంకె మాత్రమే ఉంది. ఎవరిదేదో చెల్లెలికీ తెలియదు, తెలిసినా చెప్పకూడదన్నది నిబంధన.

అయినా వచ్చినవాళ్ళు ఊరుకోలేదు. తుప్పురంగు మచ్చలు బాగా విచ్చుకున్న బొమ్మ ముందు పెద్ద గుంపు చేరింది. అది నాదే, మా వంశంలో అందరివీ గట్టి ఎముకలు అని ఒకాయన అన్నాడు. మరి గట్టివైతే తీయించుకోవడమెందుకని పక్కావిడ అడిగింది. సీసాలో ఎముక అడిగిన ముసలాయన కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. అన్నీ తిరిగి చూసి, నాదిచ్చి ఉంటే ఇంతకన్నా బాగుండేదన్నాడు.

చివరన, మందుకు లొంగని కణాల బొమ్మ దగ్గర ఎవరూ లేరు. లెక్కల టీచరు కొత్త కాలుమీద నెమ్మదిగా నడిచి వచ్చి దాని ముందు ఆగింది. ఎర్రబొట్లను చాలాసేపు చూసింది.

"ఇది మాట వినలేదా?" అంది.

"లేదండి. ఎందుకు వినలేదో తెలియడంలేదు. నేను ఇకముందు పనిచేయబోయేది దీనిమీదే," అంది చెల్లెలు.

లెక్కల టీచరు వెన్ను నిటారుగా పెట్టింది. "అయితే ఇది నాదే అయి ఉంటుంది," అని, మిగతావాళ్ళకు వినపడేలా మరోసారి అంది.

గది గొల్లుమంది. అక్క మాత్రం నవ్వుతూనే ఆ గోడంతా ఇంకోసారి కలయజూసింది. ఇంతమందిని కూడగట్టింది తను, ఇన్ని బొమ్మల్లో తనది ఒక్కటీ లేదు. ఆ లోటు ఆమె ముఖంలో కనిపించిందేమో, కేకుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ బావ పక్కకొచ్చాడు.

"ఏమోయ్, ఏం చూస్తున్నావు?"

"నా తుంటి కూడా ఒకటి..."

"అది ఉన్నచోటే ఉండనీ," అన్నాడు బావ. పెళ్ళయినప్పటినుంచీ ఆయన ఆమెకు అడ్డు చెప్పి గెలిచింది ఆ ఒక్కసారే.